స్టేక్ టార్టార్ ఒకటేనా? పచ్చి బీఫ్ వంటకాల్లో ఏది ఎవరికి నప్పుతుంది

ఐరోపాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో బీఫ్ తినేవారికి ఏదో ఒక రోజు మెనూలో స్టేక్ టార్టార్ అన్న పేరు ఎదురవుతుంది. ‘స్టేక్’ అన్న మాటను చూసి కాల్చిన మాంసమని తెప్పించుకున్నవారి ముందుకు, గుండ్రంగా అమర్చిన ఎర్రని పచ్చి ఖీమా, దాని నడుమ పచ్చిగా ఉన్న గుడ్డుసొన వస్తాయి. కొందరు పళ్లాన్ని వెనక్కి పంపేస్తారు, కొందరు ధైర్యం చేసి తిని ఆ రుచికి అలవాటు పడిపోతారు. రెండో రకం వారికి కొన్నాళ్లకు ఇంకో ప్రశ్న మొదలవుతుంది. బ్రస్సెల్స్‌లో ఫిలే అమెరికెన్, ఇటలీలో కార్నె క్రూదా, ఇథియోపియా హోటల్లో కిట్ఫో, కొరియా హోటల్లో యుఖ్వే కనబడతాయి. అన్నీ పచ్చి బీఫే అయినప్పుడు వాటి మధ్య తేడా ఏమిటి, మొదటిసారి తినేవారు దేనితో మొదలుపెట్టాలి, ఎవరు అసలు ముట్టుకోకూడదు అన్న ప్రశ్నలకు సమాధానంగా ఈ వ్యాసం రాస్తున్నాను. బీఫ్ తినని పాఠకులకు కూడా ఇందులో ఒక ఉపయోగం ఉంది. ఏ పేరు వెనుక ఏ మాంసం దాగి ఉందో తెలిస్తే పొరపాటున తెప్పించుకునే ప్రమాదం తప్పుతుంది.

## ముందుగా పేర్ల చిక్కు

టార్టార్ అన్న పేరు మధ్య ఆసియా తాతార్ల నుంచి వచ్చిందనీ, వారు పచ్చి మాంసాన్ని గుర్రపు జీను కింద పెట్టుకుని స్వారీ చేసి, మెత్తబడ్డాక తినేవారనీ ఒక కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. కథ బాగానే ఉంటుంది గాని, ఆ అలవాటుకూ నేటి పళ్లానికీ సంబంధం ఉందని చూపే ఆధారం లేదు. వంట పుస్తకాలు చెప్పే చరిత్ర ఇంతకన్నా సాదాసీదాగా ఉంటుంది. ఫ్రెంచి వంటవాడు ఎస్కోఫియే రాసిన ప్రసిద్ధ వంటల గ్రంథపు 1921 నాటి ముద్రణలో పచ్చి ఖీమాపై గుడ్డుసొన పెట్టి వడ్డించేదాన్ని ‘అమెరికా పద్ధతి’ బీఫ్‌స్టేక్ అన్నారు. సొన లేకుండా, పక్కన టార్టార్ సాస్‌తో ఇచ్చేదాన్ని ‘టార్టార్ పద్ధతి’ అన్నారు. అంటే ఆ వంటకానికి పేరు పెట్టింది పక్కనున్న సాస్. 1938లో ‘లరూస్ గాస్ట్రొనామిక్’ అన్న ఫ్రెంచి వంటల విజ్ఞాన సర్వస్వం వచ్చేనాటికి ఈ రెంటి మధ్య గీత చెరిగిపోయి, సొన ఉన్నదానికే టార్టార్ అన్న పేరు స్థిరపడింది. సాస్ మాయమైంది, దాని పేరు మాత్రం మాంసానికి అతుక్కుని మిగిలింది. పాత ‘అమెరికా’ పేరు ఫ్రాన్స్‌లో మరుగున పడినా బెల్జియంలో బతికే ఉంది.

ఈ చరిత్ర తెలియకపోతే మెనూ ముందు జరిగే పొరపాట్లు ఇవి. ఫ్రాన్స్‌లో ‘సాండ్విచ్ అమెరికెన్’ అంటే వండిన ఖీమా బిళ్లలు, బంగాళాదుంప వేపుళ్లు కూరిన పొడవాటి బ్రెడ్డు. సరిహద్దు దాటి బెల్జియంలో అదే పేరు అడిగితే బ్రెడ్డు మీద పచ్చి బీఫ్ పూసి ఇస్తారు. అక్కడ ‘ప్రెపారె’, ‘మార్టినో’, ‘తోస్త్ కనిబాల్’ అన్న పేర్ల వెనుక ఉన్నది కూడా పచ్చి బీఫే. ఫ్రాన్స్‌లో ‘స్టెక్ అషే’ అన్నది మాత్రం పెనం మీద కాల్చిన ఖీమా బిళ్ల. ‘తార్తార్ ద సొమోఁ’ అంటే సాల్మన్ చేప, ‘తార్తార్ ద షెవాల్’ అంటే గుర్రపు మాంసం. జర్మనీలో ‘టాటార్’ అంటే బీఫే గాని, రొట్టెల దుకాణాల్లో ఉల్లిపాయతో కనిపించే ‘మెట్’, ‘హాకెపేటర్’ పంది మాంసంతో చేసినవి. పంది మాంసం తినని ముస్లిం పాఠకులు ఈ ఒక్క తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చూపుకు రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

రుచి సంగతి తరువాత. మొదటి కొలమానం తినేవారి ఆరోగ్యం. గర్భిణులు, ఐదేళ్ల లోపు పిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ఈ జాబితాలోని ఏ పచ్చి వంటకాన్నీ తినకూడదు. ఇందులో బేరానికి తావు లేదు. నిమ్మరసం, కారం, ఆవముద్ద, పక్కన తాగే వోడ్కా వంటివి సూక్ష్మజీవులను చంపుతాయన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది గాని అది నిజం కాదు. ఫ్రీజర్‌లో తగినన్ని రోజులు గడ్డకట్టించి ఉంచడం వల్ల బీఫ్ ద్వారా వచ్చే బద్దెపురుగు పిల్లలు చస్తాయే తప్ప, ఈ-కొలై వంటి బ్యాక్టీరియా చావదు.

రెండోది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, మాంసాన్ని ఎలా, ఎప్పుడు తరిగారన్న విషయం. ఆరోగ్యంగా ఉన్న పశువు కండలో లోపలి భాగం దాదాపు శుభ్రంగా ఉంటుంది. వధశాలలో పేగుల నుంచి, చర్మం నుంచి అంటుకునే బ్యాక్టీరియా కండ పైభాగాన నిలుస్తుంది. ఒక పెద్ద ముక్కను పెనం మీద కాలిస్తే ఆ పైభాగంలోని బ్యాక్టీరియా వేడికి చస్తుంది కాబట్టి లోపల ఎర్రగా ఉన్నా ముప్పు తక్కువ. అదే ముక్కను యంత్రంలో వేసి తిప్పితే పైనున్నది ముద్ద అంతటికీ పాకుతుంది. పైగా ఫ్యాక్టరీ ఖీమాలో ఒక్క పశువు మాంసం కాక ఎన్నో పశువుల తునకలు కలిసి ఉంటాయి. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ బీఫ్ ఖీమాను లోపలి దాకా 71 డిగ్రీల సెల్సియస్ వరకు వండమని చెబుతుంది. 1993లో అక్కడ సరిగ్గా ఉడకని హాంబర్గర్ల వల్ల వందలాది మంది జబ్బుపడి, నలుగురు పిల్లలు మరణించారు. ఆ మరుసటి ఏడాది ఈ-కొలైలో ప్రమాదకరమైన ఓ157 అన్న రకం ఉన్న బీఫ్ ఖీమాను కల్తీ సరుకుగా ప్రకటించారు. జపాన్‌లో 2011లో యుక్కె (కొరియా యుఖ్వేకు అక్కడి పేరు) తిన్నవారు మరణించాక ప్రభుత్వం ముక్క పైభాగాన్ని ఒక సెంటీమీటరు లోతు వరకు వేడిచేసి, ఆ పొరను తీసేసిన తరువాతే లోపలి మాంసాన్ని పచ్చిగా వడ్డించాలని నిబంధన పెట్టింది. మంచి హోటల్లో వంటవాడు చేసేది కూడా ఇంచుమించు ఇదే. ఒకే కండ నుంచి పెద్ద ముక్క తీసుకుని, పై పొరను కోసి పక్కన పెట్టి, చల్లగా ఉన్న లోపలి భాగాన్ని మీరు అడిగిన తరువాత కత్తితో తరుగుతాడు.

మూడోది, మాంసాన్ని దేనితో కలిపారన్నది. గుడ్డుసొన, మయొనేజ్, ఆలివ్ నూనె, నువ్వుల నూనె, మసాలా వెన్న అన్న ఈ అయిదింటిలో ఏది వాడారన్న దాన్ని బట్టే నోటిలో ఆ ముద్ద ఎలా కరుగుతుందో తేలిపోతుంది. పచ్చి గుడ్డు ఉన్నచోట సాల్మొనెల్లా అన్న మరో బ్యాక్టీరియా ముప్పు కూడా వచ్చి చేరుతుంది. చివరగా పులుపు, కారం ఎంతన్నది. ఈ విషయంలో తెలుగువారి అంచనాలు ఫ్రెంచివారి అంచనాలకు దరిదాపుల్లో ఉండవు కాబట్టి దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేయడం కుదరదు.

## ఫ్రాన్స్ స్టేక్ టార్టార్

దాదాపు కొవ్వు లేని మాంసాన్ని తరిగి, సన్నగా కోసిన చిన్న ఉల్లి, ఉప్పులో ఊరబెట్టిన కేపర్ మొగ్గలు, చిన్న దోస ఊరగాయ, పార్స్‌లీ, దిజోఁ ఆవముద్ద, వూస్టర్ సాస్, కొన్ని చుక్కల టబాస్కో, గుడ్డుసొన కలిపితే అయ్యేది ఈ వంటకం. పక్కన బంగాళాదుంప వేపుళ్లు, ఆకుల సలాడ్ ఉంటాయి. దీని బలం పులుపు. కేపర్లు, దోస, ఆవ అన్నీ ఒకే వైపు లాగుతుంటే సొన వాటిని వెనక్కి లాగుతుంది. ఈ తూకం కుదిరితే పచ్చి మాంసం తింటున్నామన్న స్పృహ రెండో ముద్దకే పోతుంది. కుదరకపోతే ఆవ ఘాటు తప్ప మరేమీ తెలియదు, మంచి మాంసం వృథా అవుతుంది.

మెనూలో మూడు మాటలు వెతకాలి. ‘ఓ కూతో’ అంటే కత్తితో తరిగినది. యంత్రం ఖీమా జావలా నాలుకకు అంటుకుంటుంది, కత్తితో తరిగినది ముక్కలు ముక్కలుగా పంటికి తగులుతుంది. కొంచెం ధర ఎక్కువైనా దీన్నే అడగాలి. ‘ప్రెపారె’ అంటే వంటగదిలోనే అన్నీ కలిపి తెస్తారు, లేకపోతే దినుసులన్నీ పళ్లెం చుట్టూ కుప్పలుగా పెట్టి మిమ్మల్నే కలుపుకోమంటారు. కారం మన ఇష్టానికి పెంచుకోవాలనుకునేవారికి రెండో పద్ధతే మేలు. ఆవముద్దను సగమే వేసి టబాస్కో రెట్టింపు చేసుకుంటే తెలుగు నాలుకకు దగ్గరగా వస్తుంది. ‘అలే-రెతూర్’ అంటే ముద్దను వేడి పెనం మీద రెండు వైపులా క్షణం సేపు కాల్చి తెచ్చేది. లోపల పచ్చిగానే ఉంటుంది కాబట్టి దీన్ని సురక్షితమైన రకంగా భావించకూడదు, కేవలం పచ్చి వాసనకు వెనుకాడేవారికి ఒక మెట్టుగా భావించాలి.

## బెల్జియం ఫిలే అమెరికెన్

1920లలో బ్రస్సెల్స్‌కు చెందిన జోసెఫ్ నీల్స్ దీన్ని రూపొందించారని చెబుతారు. ఫ్రెంచి పద్ధతిలో గుడ్డుసొన ఒక్కటే ఉంటే ఇక్కడ సొన, నూనె కలిపి చిలికిన మయొనేజ్ లాంటి సాస్‌తో మాంసాన్ని ముందే కలిపేస్తారు. ఫలితంగా ముద్ద మరింత మెత్తగా, నునుపుగా ఉంటుంది, పులుపు తగ్గుతుంది. మంచి హోటల్లో బెల్జియం వేపుళ్లతో తింటే ఇది ఫ్రెంచి టార్టార్ కన్నా హాయిగా దిగుతుంది. అయితే మయొనేజ్ మాంసపు రుచిని కప్పేస్తుంది కాబట్టి నాసిరకం మాంసం కూడా ఇందులో బయటపడదు. ఈ కారణంగానే హోటల్లో తినేదానికీ, బ్రెడ్డు దుకాణంలో డబ్బాలోంచి తీసి పూసేదానికీ పేరు ఒకటే అయినా రెంటినీ ఒక గాటన కట్టలేం. నెదర్లాండ్స్ సూపర్ మార్కెట్లలో ఇదే పేరుతో ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే పూత సంగతి మరీ వేరు. అక్కడి పోషకాహార సంస్థ గర్భిణులను దానికి దూరంగా ఉండమంటుంది. దీన్ని పచ్చి బీఫ్‌కు పరిచయంగా తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

## పీడ్‌మాంట్ కార్నె క్రూదా

వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, ముఖ్యంగా ఆల్బా పట్టణం చుట్టుపక్కల, ఫస్సోనా అని పిలిచే పీడ్‌మాంట్ జాతి పశువుల మాంసాన్ని కత్తితో తరిగి, ఆలివ్ నూనె, ఉప్పు, కొంచెం నిమ్మరసం మాత్రమే కలిపి ఇస్తారు. కొందరు వెల్లుల్లి రెబ్బను పళ్లేనికి రాస్తారు. ఈ జాతి పశువుల్లో కండ పెరుగుదలకు పగ్గం వేసే మయోస్టాటిన్ అన్న జన్యువు మారిపోయి ఉండటం వల్ల కండ మామూలు కన్నా బాగా ఎక్కువగా పెరుగుతుంది, కొవ్వు చాలా తక్కువగా ఉంటుంది, నరాలూ పీచూ తగలవు. అందుకే మసాలా చాటు లేకుండా వడ్డించగలుగుతున్నారు. మెనూలో ‘బత్తూతా అల్ కోల్తెల్లో’ అని ఉంటే కత్తితో తరిగినదని అర్థం. శరదృతువులో, ఆల్బాలో తెల్ల ట్రఫుల్ సంత జరిగే రోజుల్లో, దానిపై ఆ పుట్టగొడుగును పల్చని రేకులుగా తురుముతారు. వాసన చాలా దూరం నుంచే తెలుస్తుంది, బిల్లు మాత్రం దగ్గరకు వచ్చాకే తెలుస్తుంది.

ఇందులో గుడ్డు సాధారణంగా ఉండదు. దాచడానికి ఏమీ లేదు కాబట్టి మాంసం నాణ్యత మొదటి ముద్దలోనే బయటపడుతుంది. కాని కారం, పులుపు, మసాలా అలవాటైన నాలుకకు మొదటిసారి ఇది చప్పగా తోస్తుంది. పచ్చి బీఫ్ ఇప్పటికే తిని, మాంసపు రుచినే వెతుక్కునేవారికి ఈ జాబితాలో దీన్ని మించినది లేదు.

## ఇథియోపియా కిట్ఫో

తెలుగు పాఠకులకు ఎక్కువ వివరంగా చెప్పదగినది ఇదే. గురాగే ప్రజల వంటకం ఇది. సెప్టెంబరు చివర వచ్చే మెస్కెల్ పండుగకు వారిళ్లలో కిట్ఫో తప్పనిసరి. కొవ్వూ నరాలూ తీసేసిన మాంసాన్ని చాలా సన్నగా తరిగి, గోరువెచ్చగా కరిగించిన నితెర్ కిబ్బె, మిత్‌మిత కలుపుతారు. నితెర్ కిబ్బె అంటే ఉల్లి, వెల్లుల్లి, అల్లం, మెంతులు, కొరెరిమ అన్న అక్కడి ఏలకుల వంటి గింజలు వేసి కాచి వడకట్టిన వెన్న. మిత్‌మిత అంటే ఘాటైన చిన్న ఎండుమిరపకాయలు, కొరెరిమ, ఉప్పు కలిపి దంచిన ఎర్రని పొడి. కారప్పొడిలో నెయ్యి వేసుకుని తినడం అలవాటున్న నాలుకకు ఈ రెండూ కలిసిన రుచి పరాయిదిగా తోచదు. పక్కన విరిగిన పాలతో చేసిన అయిబ్ అన్న తెల్లని ముద్ద, ఉడికించిన ఆకుకూర, ఎన్సెట్ మొక్క పిండిని పులియబెట్టి చేసిన కొచో రొట్టె పెడతారు. కారం ఎక్కువైనప్పుడు అయిబ్ దాన్ని చల్లారుస్తుంది.

దీని గొప్ప సౌలభ్యం ఏమిటంటే తినేవారు ఉడుకును ఎంచుకోవచ్చు. ‘తెరె’ అంటే పూర్తి పచ్చిది, ‘లెబ్ లెబ్’ అంటే వెన్నలో కొద్దిగా వెచ్చబడి రంగు మారడం మొదలైనది, ‘యెబెసెలె’ అంటే పూర్తిగా వండినది. మూడో రకం అడిగితే ఎవరూ వింతగా చూడరు. స్టేక్ టార్టార్‌ను పూర్తిగా వండమంటే ఆ వంటకం రూపమే పోతుంది, కిట్ఫో మాత్రం వండినా కిట్ఫోగానే నిలుస్తుంది. ఈ కారణం చేతే, ఒకే బల్ల దగ్గర పచ్చిది తినేవారు, తినలేనివారు, తినకూడనివారు కూర్చున్నప్పుడు నేను సూచించేది కిట్ఫో. లెబ్ లెబ్ కూడా ఆరోగ్యం దృష్ట్యా పచ్చి మాంసమే అన్నది మరవకూడదు.

నష్టాలూ చెప్పాలి. కిట్ఫోలో మాంసం బాగా సన్నగా తరిగి ఉంటుంది, వెన్న ఎక్కువగా ఉంటుంది, కాబట్టి మాంసం సొంత రుచి వెనక్కిపోతుంది. కొన్ని హోటళ్లు కత్తికి బదులు యంత్రం వాడతాయి, అది అడిగి తెలుసుకోవాలి. ఇథియోపియాలో పచ్చి బీఫ్ వల్ల బద్దెపురుగు సోకడం పాత సమస్య. దానికి మందుగా కొసో చెట్టు పువ్వుల కషాయం తాగే అలవాటు ఆ దేశంలో శతాబ్దాలుగా ఉందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇథియోపియా హోటళ్లు ఎక్కువగా కనిపించేది వాషింగ్టన్ నగరంలోనూ దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ. అక్కడి మెనూలో పచ్చి వంటకాల పక్కన నక్షత్రపు గుర్తు, కింద పచ్చి మాంసం వల్ల జబ్బు రావచ్చన్న హెచ్చరిక ఉంటాయి. అది నిబంధనల ప్రకారం ముద్రించే వాక్యం. దాని వల్ల ఆ హోటలు చెడ్డదనీ కాదు, మంచిదనీ కాదు.

## కొరియా యుఖ్వే

యుఖ్వే నిజానికి ఖీమా కాదు. కొవ్వు లేని మాంసాన్ని సన్నని పోగులుగా కోసి సోయా సాస్, నువ్వుల నూనె, వెల్లుల్లి, కొంచెం చక్కెర పట్టిస్తారు. కింద కొరియా పియర్ పండును అగ్గిపుల్లల్లా కోసి పరుస్తారు, నడుమ గుడ్డుసొన, పైన నువ్వులు, పైన్ గింజలు వేస్తారు. సియోల్‌లోని గ్వాంగ్‌జాంగ్ బజారులో దీనికోసమే ఒక సందు ఉంది. చాప్‌స్టిక్స్‌తో సొనను పగలగొట్టి అంతా కలిపితే చల్లటి మాంసం, కరకరలాడే పండు, నువ్వుల నూనె వాసన ఒకేసారి తగులుతాయి. ఈ వంటకాన్ని నిలబెట్టేది ఆ పండే. అది లేకుండా ఇచ్చే చోట ఇంకో వంటకం తెప్పించుకోవడం నయం. పోగులుగా ఉండటం వల్ల ముద్దముద్దగా ఉండే పచ్చి ఖీమా చూస్తే వెగటు పుట్టేవారికి ఇది తేలిక. కారం దాదాపు ఉండదు, తీపి ఉంటుంది. మాంసంలో తీపి నచ్చనివారు దీనికి దూరంగా ఉండవచ్చు.

## మిగిలినవి, క్లుప్తంగా

పోలండ్‌లో టాటార్‌ను ఊరబెట్టిన పుట్టగొడుగులు, దోస, ఉల్లితో ఇస్తారు, పక్కన వోడ్కా ఉంటుంది. డెన్మార్క్‌లో రై రొట్టె మీద గుర్రపు ముల్లంగి తురుముతో తింటారు. రెండూ ఫ్రెంచి పద్ధతికి దాయాదులే. లెబనాన్ కిబ్బె నయ్యె ఎక్కువగా గొర్రె లేదా మేక మాంసంతో, నానబెట్టిన గోధుమ రవ్వ కలిపి దంచినది. పుదీనా, ఉల్లి, ఆలివ్ నూనెతో చాలా బాగుంటుంది, బీఫ్ తినకుండా ఇదే అనుభవం కావాలనుకునేవారు దీన్ని చూడవచ్చు గాని, కొన్నిచోట్ల బీఫ్‌తోనూ చేస్తారు కాబట్టి అడగాలి. టర్కీ చీ కోఫ్తె పుట్టుకతో పచ్చి మాంసపు వంటకమే అయినా, ఇప్పుడు వీధి దుకాణాల్లో అమ్మేది మాంసం లేని రకం. గోధుమ రవ్వ, ఉర్ఫా నల్ల మిరప, దానిమ్మ పులుసు కలిపి పిసికి పాలకూర వంటి ఆకులో చుట్టి ఇస్తారు. శాకాహారులకు ఈ వ్యాసంలో ఉన్న ఏకైక సిఫారసు అదే. ఇళ్లలో, విందుల్లో చేసేదానిలో మాంసం ఉండవచ్చు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో క్రిస్మస్ వేళ రై రొట్టె మీద ఉల్లితో పచ్చి ఖీమా పెట్టుకు తినే అలవాటు ఉంది, ‘కానిబల్ సాండ్విచ్’ అంటారు. అక్కడి ఆరోగ్య శాఖ పండుగ వచ్చినప్పుడల్లా తినవద్దని హెచ్చరిస్తుంది. దుకాణపు ఖీమాతో చేసేది కాబట్టి ఆ హెచ్చరికలో నాకు అతిశయోక్తి కనిపించదు.

## ఒక్క చూపులో

| వంటకం | తరిగే తీరు | కలిపేది | పులుపు, కారం | పచ్చి గుడ్డు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| స్టేక్ టార్టార్ | కత్తి లేదా యంత్రం | గుడ్డుసొన, ఆవముద్ద | పులుపు ఎక్కువ, కారం మీ చేతిలో | ఉంటుంది | సంప్రదాయ రుచి కోరేవారికి |
| ఫిలే అమెరికెన్ | ఎక్కువగా యంత్రం | మయొనేజ్ వంటి సాస్ | రెండూ మధ్యస్థం | ఉంటుంది | మెత్తని ముద్ద ఇష్టపడేవారికి, హోటల్లో మాత్రమే |
| కార్నె క్రూదా | కత్తి | ఆలివ్ నూనె | నిమ్మ కొంచెం, కారం లేదు | సాధారణంగా ఉండదు | మాంసపు రుచి ఎరిగినవారికి |
| కిట్ఫో | చాలా సన్నగా, కత్తి లేదా యంత్రం | మసాలా వెన్న | కారం ఎక్కువ, పులుపు లేదు | ఉండదు | మొదటిసారి తినేవారికి, కలగలుపు బృందానికి |
| యుఖ్వే | సన్నని పోగులు | నువ్వుల నూనె, సొన | తీపి, కారం తక్కువ | ఉంటుంది | ఖీమా ముద్ద నచ్చనివారికి |

## ఎవరు దేన్ని తెప్పించుకోవాలి

మొదటిసారి పచ్చి బీఫ్ తినబోతున్న తెలుగువారికి నా సలహా కిట్ఫో లెబ్ లెబ్. రుచి దగ్గరది, పచ్చి గుడ్డు లేదు, నచ్చకపోతే అదే పళ్లాన్ని వంటగదికి పంపి వండించుకోవచ్చు. దగ్గరలో ఇథియోపియా హోటలు లేకపోతే యుఖ్వే రెండో మెట్టు. ఫ్రాన్స్‌లోనే ఉండి టార్టార్‌తోనే మొదలుపెట్టాలనుకునేవారు కత్తితో తరిగినదాన్ని, కలపకుండా తెప్పించుకోవాలి. పూర్తి భోజనం పరిమాణం దాదాపు 200 గ్రాములు ఉంటుంది. అంత పచ్చి మాంసం మొదటిసారి తినడం కష్టమే కాబట్టి ఇద్దరు పంచుకోవడమో, ముందు వడ్డించే చిన్న పళ్లాన్ని అడగడమో మేలు.

హోటలును ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పనికొస్తుంది. “మాంసం ఇప్పుడే తరుగుతారా, ముందే తరిగి ఉంచుతారా” అని అడగండి. సూటిగా సమాధానం ఇచ్చే చోట తినండి. సమాధానం నీళ్లు నమిలినట్టుంటే కాల్చిన వంటకమేదైనా తెప్పించుకోండి. పళ్లెం వచ్చాక, వెచ్చని వెన్న కలిపే కిట్ఫో తప్ప మిగతా వాటిలో, మాంసం చల్లగా ఉండాలి. అంచులు గోధుమరంగుకు తిరిగినా, పుల్లని వాసన వచ్చినా తినకండి. అయితే ఈ-కొలై ఉన్న మాంసం చూడటానికి, వాసనకు మామూలుగానే ఉంటుంది. అందుకే మీ ముక్కు కన్నా హోటలు పద్ధతి మీద ఎక్కువ ఆధారపడాలి.

## ఇంట్లో చేసుకోవడం గురించి

విదేశాల్లో ఇంట్లో చేసుకోవాలనుకునేవారు ప్యాకెట్ ఖీమాను కొనకూడదు. అది వండుకోవడానికి తయారైన సరుకు. నమ్మకమైన మాంసం దుకాణానికి వెళ్లి పచ్చిగా తినడానికని స్పష్టంగా చెప్పి, ఒకే కండ నుంచి కొవ్వు లేని ముక్క తీసుకోవాలి. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో బాగా చల్లబరచి, పై పొరను అన్ని వైపులా కోసేసి, కత్తినీ పలకనూ కడిగి మార్చిన తరువాత లోపలి భాగాన్ని తరగాలి. కోసేసిన పొరను పారేయనక్కరలేదు, కూర వండుకోవచ్చు. కలిపిన వెంటనే తినాలి, మిగిలితే దాచకుండా పెనం మీద వేపేయాలి.

హైదరాబాదులోనో, గుంటూరులోనో ఇది చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. 1977 నాటి చట్టం ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ గోవధ నిషిద్ధం కాబట్టి పెద్దకూర పేరుతో దుకాణాల్లో దొరికేది ఎక్కువగా గేదె జాతి మాంసం. ఇక్కడ అడ్డంకి జాతి కాదు. కోసిన మాంసాన్ని కొక్కేనికి వేలాడదీసి, గది వేడిమిలోనే ఉంచి, ఆ రోజే అమ్మేసే పద్ధతి బాగా ఉడికించే వంటలకు ఏర్పడింది. మన కూరలూ కల్యాణి బిర్యానీ అటువంటి వంటలే. పచ్చిగా తినే వంటకానికి వధశాల నుంచి పళ్లెం దాకా తెగని చల్లదనం కావాలి. ఆ రుచి ఇక్కడ కావాలంటే పూర్తిగా వండిన కిట్ఫో చేసుకోవడం తెలివైన పని. నెయ్యిలో ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మెంతులు, ఏలకులు వేసి సన్న సెగ మీద కాచి వడకట్టి, ఆ నెయ్యిలో ఖీమాను నీరంతా ఇగిరేదాకా వేయించి, దించే ముందు కారం, ఏలకుల పొడి చల్లి, పక్కన నలిపిన పనీర్ పెట్టుకుంటే అసలుకు చాలా దగ్గరగా వస్తుంది.

పచ్చి బీఫ్ తిన్న తరువాత కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే రోజులు లెక్కపెట్టుకోవాలి. ఈ-కొలై ఓ157 లక్షణాలు సాధారణంగా మూడు నాలుగు రోజులకు గాని బయటపడవు, అప్పటికి తిన్న సంగతే మరిచిపోయి ఉంటారు. విరేచనాల్లో రక్తం కనబడితే విరేచనాలను ఆపే మాత్రలు గాని, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ గాని సొంతంగా వేసుకోకూడదు, ఎందుకంటే ఈ జబ్బులో అవి మూత్రపిండాలు దెబ్బతినే ముప్పును పెంచవచ్చు. వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లి, పచ్చి మాంసం తిన్నామన్న మాటను ఆయన అడగకముందే చెప్పాలి.